పెరటిలో పిల్లి, పొరుగుతో పోరు

పిల్లులు ఇంటి చుట్టూ చేసే అపరిశుభ్రతను గురించి రేడియోలో ప్రసంగమా అని కొందరు శ్రోతలు నవ్వుకోవచ్చును. మాట్లాడుకోవలసిన పెద్ద విషయాలు దేశంలో చాలా ఉన్నవి. వాటిని గురించి మనం సాయంకాలం అరుగుమీద కూర్చుని మాట్లాడుకుంటాము. తెల్లవారగానే చీపురు పట్టుకొని వాకిట్లోకి వచ్చిన ఇల్లాలికి ఎదురయ్యేది మాత్రం ఈ చిన్న విషయమే. తులసికోటలో మన్ను గెలికి ఉంటుంది. దగ్గరకు పోతే భరించరాని వాసన. ఆ ఉదయం ఇంట్లో మొదటి మాట పిల్లిని గురించి; రెండవ మాట ఆ పిల్లికి పాలు పోసే పొరుగింటివారిని గురించి. మూడవ మాట గోడ అవతలికి వినిపించేటంత గట్టిగా వస్తుంది. అక్కడినుండి ఇది చిన్న విషయం కాదు.

ఈ ప్రసంగానికి డిచ్‌పల్లిని తీసుకోవడంలో నాకు ఒక ఉద్దేశ్యమున్నది. అక్కడ రెండు విధాలైన ఇండ్లు పక్కపక్కన కనిపిస్తవి. గుట్టమీద రామాలయము, ఆ ఛాయలలో పాత ఊరు, గూనపెంకుటిండ్లు, పశువుల కొట్టాలు, విశాలమైన పెరళ్ళు ఒకవైపు. జాతీయ రహదారికి దగ్గరగా, 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఒకదాని వెంట ఒకటి లేచిన స్లాబు ఇండ్లు మరొకవైపు. పిల్లుల బాధ పాత ఇండ్లలో ఎక్కువ ఉండవలెనని ఎవరైనా అనుకుంటారు. పశువులు, గడ్డివాములు, ధాన్యపు బస్తాలు, వాటి వెంట ఎలుకలు, వాటి వెంట పిల్లులు. అయితే మొరపెట్టుకునేవారు ఎక్కువగా కొత్త ఇండ్లవారు. దీనికి కారణమేమిటో ఆలోచిస్తే సమస్య సగం విడిపోతుంది.

పాత ఇంటి వాకిలిని ఒకసారి మనసుకు తెచ్చుకొనండి. తెల్లవారుజామున ఊడ్చి, పేడనీళ్ళతో సాన్పి చల్లి, ముగ్గు వేస్తారు. ఏండ్ల తరబడి ఆ పని జరిగిన నేల అడుగులకింద గట్టిపడి, అద్దంలాగా ఉంటుంది. దానిని గీకడానికి పిల్లి గోటికి పట్టు దొరకదు. పైగా ప్రతి ఉదయం తడి. ఇంటి వెనుక మాత్రం పెంటకుప్ప, బూడిదకుప్ప, దున్నిన పెరడు, ఎంత కావలెనంటే అంత మెత్తని మన్ను. పిల్లికి తన చోటు దొరికింది. మనిషికి తన వాకిలి మిగిలింది. ఎవరూ కూర్చుని ఒప్పందం రాసుకోలేదు గాని, ఒప్పందం వంటిదే నడిచింది.

కొత్త ఇంటిలో గోడనుండి గోడదాకా సిమెంటు లేక బండలు పరిచినాము. మొత్తం ఆవరణలో మెత్తని మన్ను మిగిలిన చోటు ఏది? తులసికోట ఒకటి, నాలుగు పూలకుండీలు. అదీగాక, పక్క స్థలంలో ఎవరో ఇల్లు కడుతూ కుప్ప పోయించిన ఇసుక. పిల్లి తులసిని వెతుక్కొని రాలేదు. మనము దానికి తులసిని తప్ప మరేమీ మిగల్చలేదు.

పిల్లి స్వభావము ఇక్కడ కొంచెం తెలుసుకోవలె. మన పెంపుడు పిల్లులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడినేలలలో తిరిగే అడవిపిల్లి సంతతి. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏండ్లనాటి ఒక సమాధిలో మనిషి అస్థిపంజరం పక్కనే పిల్లి అస్థిపంజరం బయటపడిన సంగతిని 2004లో పురాతత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అంటే మన సాంగత్యం ఈనాటిది కాదు. ఇంతకాలం మనతో ఉన్నా అది ఇసుకనేల అలవాటును విడిచిపెట్టలేదు. పొడిగా, మెత్తగా, కాలికి గుచ్చుకోని మన్ను చూచుకొని, చిన్న గుంట తీసి, పని ముగించుకొని, మన్ను కప్పి పోతుంది. ఈ విషయంలో కుక్కకంటె పిల్లి శుచి అయినదని చెప్పక తప్పదు. మనకు బాధ కలిగించేది ఆ శుచి పాటించడానికి అది ఎంచుకున్న స్థలమే.

మరొక సంగతి దీనితో కలిపి చూడకూడదు. మగపిల్లి తోక నిలబెట్టి, వెనుకకు తిరిగి, గోడమీద, తలుపుమీద, బయట నిలిపిన మోటారు సైకిలుమీద చిమ్మిపోయే మూత్రము వేరు. అది మలమూత్ర విసర్జన అవసరం కాదు. అది ఒక ప్రకటన. ‘ఈ సందు నాది’ అని ఇతర మగపిల్లులకు వ్రాసిపెట్టిన బోర్డు వంటిది. ఆ వాసన అంత ఘాటుగా ఉండటానికి కారణం పిల్లి మూత్రంలో ప్రత్యేకంగా ఉండే ఒక గంధక సంబంధమైన పదార్థము. వృషణాలున్న మగపిల్లిలో అది అధికము. మన్నుకు చేసే ఉపాయమేదీ దీనికి పనికిరాదు. దీని చికిత్స పశువైద్యుని దగ్గర ఉన్నది. ఆ మాటకు తరువాత వస్తాను.

ఇక పిల్లులు మన ఇంటివైపు అసలు ఎందుకు వస్తవి? డిచ్‌పల్లి మొదలు బోధన్ దాకా ఉన్న నేలను చూచినవారికి జవాబు వేరే చెప్పనక్కరలేదు. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీరు పారిన తరువాత ఈ ప్రాంతంలో చెరకు, వరి విస్తరించినవి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. అది 2015 డిసెంబరులో మూతపడినది. అయినా వరి, మొక్కజొన్న, పసుపు పండుతూనే ఉన్నవి. పైరు ఉన్నంతకాలం ఎలుకకు పొలమే ఇల్లు. పైరు కోయగానే దాని మరుగు పోతుంది; గట్లనుండి కొట్టాలకు, కొట్టాలనుండి వంటయింటికి వస్తుంది. ఎలుక వెంట పిల్లి. మనము గుమ్మం పక్కన పారవేసిన చేపల తలకాయలు, కోడి పేగులు, మూత పెట్టని అన్నపు గిన్నె దానికి అదనపు ఆకర్షణలు.

ఈ కారణంచేత పిల్లులన్నిటినీ ఊరినుండి తరిమివేయవలెనన్న మాటను నేను ఒప్పుకోను. 1960లో బోర్నియో ద్వీపంలోని సరావక్‌లో, బారియో అనే కొండప్రాంతానికి బ్రిటిష్ వైమానిక దళంవారు బుట్టలలో పిల్లులను పెట్టి పారాషూట్లతో దింపినారు. ఎలుకల బాధ అక్కడ అంత ముదిరిపోయింది. దోమలమందు కొట్టినందువల్ల పిల్లులు చచ్చిపోయినవని ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. అందులో ఎంత నిజమున్నదో వివాదమున్నది. కారణమేదైనా, విమానంలో పిల్లిని తెప్పించుకొనవలసిన దశ వచ్చినవారు మన పెరటి పిల్లిని చూచి ఏమనుకుంటారో! ఒక పిల్లిని పట్టి దూరాన వదలి వచ్చినంత మాత్రాన స్థలం ఖాళీగా ఉండదు. తిండి ఉన్న చోటికి మరొక పిల్లి వారం తిరగకముందే వస్తుంది. అది కొత్తది గనుక గోడలన్నీ మళ్ళీ గుర్తులు పెట్టుకుంటుంది.

ఇప్పుడు భయపడవలసిన సంగతి ఎంత, అనవసరంగా భయపడుతున్నది ఎంత అన్నది చూద్దాము. 1908లో ట్యూనిస్ నగరంలో నికోల్, మాన్సో అనే శాస్త్రజ్ఞులు ఒక ఎలుకజాతి జంతువులో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవిని కనుగొన్నారు. అది తన వంశాన్ని వృద్ధి చేసుకునేది పిల్లి పేగులలోనేనని తేలడానికి 1970 ప్రాంతం దాకా పట్టింది. వ్యాధి సోకిన పిల్లి సాధారణంగా తన జీవితంలో ఒకసారి, ఒకటి మొదలు మూడు వారాలపాటు, ఈ జీవి తాలూకు సూక్ష్మమైన గుడ్లను మలంతో విసర్జిస్తుంది. ఆరోగ్యవంతునికి ఈ జీవివల్ల సాధారణంగా జ్వరం పాటి బాధకూడా కలగదు. కాని గర్భిణికి మొట్టమొదటిసారిగా ఇది సోకితే కడుపులోని బిడ్డకు ప్రమాదము: గర్భస్రావం కావచ్చును, బిడ్డ కన్నులకు మెదడుకు హాని కలగవచ్చును.

మన ఇండ్లలో తొలిచూలు ఆడపిల్ల ఏడవ నెలలో పుట్టింటికి వస్తుంది. అత్తవారింట ఉన్నన్నాళ్ళు వాకిలి ఊడ్చేది, తులసికోట దగ్గర నీళ్ళు పోసేది తానే. ఈ పని ఆ నెలలలో వేరొకరు చేయవలె. తప్పనిసరి అయితే చేతికి తొడుగు వేసుకొని, పని కాగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలె. ఇందులో ఊరట కలిగించే సంగతి ఒకటున్నది. పిల్లి మలంలో బయటపడిన వెంటనే ఆ గుడ్లు హాని చేయలేవు. గాలి తగిలి, ఒకటి మొదలు అయిదు దినాలు గడిచిన తరువాతనే అవి వ్యాధి కలిగించే శక్తిని పొందుతవి. కనుక ఏ రోజు అశుద్ధాన్ని ఆ రోజే ఎత్తి పారవేసే ఇంటిలో ప్రమాదం చాలా తగ్గుతుంది. వదలివేస్తే మాత్రం తేమగల నీడపట్టు మన్నులో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించి బతికి ఉంటవి. పిల్లిని తాకినంత మాత్రాన ఈ వ్యాధి వస్తుందన్న భయం చాలవరకు నిరాధారము. సరిగా ఉడకని మాంసము, కడగని ఆకుకూర అంతకంటె పెద్ద దారులు.

పిల్లలు ఇసుకకుప్పలో ఆడుకునే విషయం మరొకటి. ఇల్లు కట్టడానికి తెచ్చిన ఇసుక నెలలకొద్దీ బయట పడి ఉంటుంది. పగలు పిల్లల ఆటస్థలము, రాత్రి పిల్లుల మరుగుదొడ్డి. పిల్లి మలంనుండి పుట్టే కొంకిపురుగు పిల్లలు ఆ ఇసుకలో ఉత్తకాళ్ళతో తిరిగే పసివారి చర్మంలో దూరి, దురదతో కూడిన ఎర్రని వంకర గీతలాగా పాకుతూ పోతవి. ఇసుక తోలించిన యజమాని సాయంకాలం దానిమీద ఒక తాటిపత్రి కప్పి, నాలుగు మూలల రాళ్ళు పెడితే పిల్లికి, పురుగుకు కూడ తలుపు మూసినట్లే. ఆ సందులోని తల్లులందరూ ఈ మాట ఆయనతో చెప్పవచ్చును.

ఉపాయాలను గురించి చెప్పేముందు, ఉపాయాలు కానివాటి మాట. నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు గుమ్మాల ముందు వరుసగా పెట్టిన ఇండ్లు శ్రోతలు చూచే ఉంటారు. కుక్కల కోసం కొందరు, పిల్లుల కోసం కొందరు పెడతారు. ఈ విశ్వాసం మనదొక్కరిదే కాదు. జపానులో కూడ పిల్లులు రాకుండ నీళ్ళు నింపిన సీసాలు గోడవార పెట్టే అలవాటున్నది. పిల్లి ఆ సీసాల మధ్యనుంచి నడిచిపోయి తన పని తాను చేసుకుంటుంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని మన సామెత. సీసాలకు పిల్లి కూడా బెదరదు. మనది పసుపు పండే జిల్లా గనుక కొందరు పసుపు చల్లుతారు. దానివల్ల హాని లేదు, లాభమూ లేదు. కారం చల్లడం మాత్రం తగదు. అది పిల్లి పాదాలకు అంటుకొని, నాకుకున్నప్పుడు నోటిని, కళ్ళను మండిస్తుంది. అదే గాలికి లేచి మన పసిబిడ్డ కంట్లోనూ పడుతుంది. నిమ్మ, నారింజ తొక్కల వాసన కొన్ని పిల్లులకు గిట్టదు. తొక్క ఎండేదాకా ఆ ఫలితం. మనిషి చెవికి వినపడని ధ్వనిని పుట్టించే యంత్రాలు విదేశాల్లోనూ, ఇప్పుడు మన దేశంలోనూ అమ్ముతున్నారు. బ్రిటన్‌లో తోటలలో చేసిన ఒక పరిశీలన 2006లో ప్రచురితమైనది. పిల్లుల రాక కొంత తగ్గింది గాని ఆగలేదని అందులో తేలింది.

ఫినాయిలు సంగతి కొంచెం గట్టిగా చెప్పవలె. వాసన వస్తే పిల్లి రాదని మన ఇండ్లలో సీసాకు సీసా గుమ్మరిస్తారు. తారునుండి తీసే ఆ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. పాదాలకు అంటిన దానిని నాకుకుంటుంది, రోగం పాలవుతుంది. గదిలో పెట్టే కలరా ఉండలు కూడ ఇటువంటివే. పైగా అవి పసిపిల్లలకు మిఠాయిలాగా కనిపిస్తవి. బ్లీచింగు పొడిని నేరుగా మూత్రం ఉన్న చోట చల్లితే ముక్కును, కళ్ళను మండించే వాయువు పుడుతుంది. ముందు నీళ్ళతో కడిగిన తరువాతనే దానిని వాడవలె.

విషం పెట్టడం అన్నిటికంటె ఘోరము. పొలంలో ఎలుకల కోసం వాడే జింకు ఫాస్ఫైడు ఈ ప్రాంతంలో చాలా ఇండ్లలో ఉంటుంది. కోపం వచ్చిన ఘడియలో చెయ్యి దానిమీదికే పోతుంది. కడుపులోకి పోయిన తరువాత అది విషవాయువుగా మారుతుంది. దానికి విరుగుడు మందు లేదు. కలిపి పెట్టిన అన్నం ముద్దకు తినేది పిల్లియా, కోడియా, పాకే బిడ్డయా అన్న వివేకముండదు. చట్టం మాట కూడ వినండి. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం జంతువులకు హానికరమైన పదార్థం పెట్టడాన్ని నేరంగా ఎంచినది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 325వ విభాగం జంతువులను చంపడం, విషం పెట్టడం వంటి దుశ్చర్యలకు అయిదేండ్ల వరకు శిక్ష విధించడానికి వీలు కల్పించినది.

మరి కొట్టి బెదిరిస్తేనో అంటారు. ఇక్కడ తెనాలి రామకృష్ణుని పిల్లి జ్ఞాపకం వస్తుంది. రాయలవారు పిల్లిని, దానికి పాల కోసం ఆవును ఇస్తే, మన వికటకవి మరిగే పాలు పిల్లి ముందు పెట్టినాడట. మూతి కాలిన పిల్లి ఆనాటినుండి పాలగిన్నెను చూస్తే చాలు, పారిపోయింది, పాలన్నీ కవిగారివి. కథ మాట అటుంచి, పిల్లి మనస్తత్వం అందులో సరిగానే ఉన్నది. బాధను అది ఎదుట కనబడిన వస్తువుతో ముడిపెట్టుకుంటుంది. మనము కర్ర పట్టుకొని వెంటబడితే మనలను చూచి భయపడటం నేర్చుకుంటుంది; తులసికోటను చూచి కాదు. మనము నిద్రపోయిన తరువాత వస్తుంది. మూలకు తరిమి పట్టుకోబోతే కరుస్తుంది, గీరుతుంది. అప్పుడు గాయాన్ని సబ్బుతో, పారే నీటిలో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోయి వెర్రికుక్క వ్యాధి టీకాను గురించి అడగవలె. ఆ వ్యాధి పిల్లివల్లకూడ రావచ్చును.

మన పూర్వులకు ఈ రహస్యం తెలియకపోలేదు. పాలకుండను పిల్లినుండి కాపాడటానికి వారు పిల్లిని కొట్టలేదు, ఉట్టి కట్టినారు. కుండ చోటు మార్చినారు. మనము చేయవలసినది కూడ ఇదే: మన్ను తీరు మార్చడము.

తులసికోటలో, కుండీలలో మొక్క మొదలు చుట్టూ కోడిగుడ్డంత గులకరాళ్ళు దగ్గరదగ్గరగా పేర్చితే నీరు దిగుతుంది, పిల్లికి గీకే వీలుండదు. కూరమడి పెద్దదయితే కోళ్ళ జాలిని నేలమీద పరిచి, దానిమీద రెండు వ్రేళ్ళ మందం మన్ను వేయవచ్చును; మొలకలు సందులలోనుంచి పైకి వస్తవి, పిల్లి గోరు తీగకు తగులుకొని వెనుకకు పోతుంది. జాలికి డబ్బు ఎందుకంటే, కందికట్టెను జానెడు ముక్కలుగా విరిచి, బెత్తెడు దూరంలో ఒకటిగా నిలువుగా గుచ్చవచ్చును. పిల్లి తిరిగి కూర్చోవడానికి చోటు చాలదు. ముళ్ళకంప వేయమని కొందరు చెబుతారు. పిల్లలు ఉత్తకాళ్ళతో తిరిగే ఇంటిలో అది పిల్లికంటె మనకే ముందు గుచ్చుకుంటుంది. పొద్దుగూకే వేళ మడిని తడిపి ఉంచడం కూడ మంచిదే. తడిమన్ను దానికి సరిపడదు.

ఒకసారి వాడిన చోటుకు పిల్లి వాసననుబట్టి తిరిగి వస్తుంది. కనుక అశుద్ధాన్ని ఎత్తిన తరువాత దాని కింది మన్నును కూడ ఒక దోసెడు తీసివేయవలె. గోడమీద, బండమీద మూత్రపు మరక ఉంటే, మరకలను జీర్ణింపజేసే ఎంజైములు గల బట్టల సబ్బుపొడిని గోరువెచ్చని నీటిలో కలిపి కడిగి, మంచినీళ్ళతో తుడవవలె. మామూలు సబ్బు మన ముక్కును మోసగిస్తుంది గాని పిల్లి ముక్కును మోసగించలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ పిల్లికి ‘ఇక్కడ కాదు’ అని చెప్పే ఉపాయాలు. ‘మరి ఎక్కడ?’ అన్న దాని ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పకపోతే అది పక్కింటి కుండీకి పోతుంది. అప్పుడు పోరు మన గోడనుండి వారి గోడకు మారుతుంది, అంతే. డిచ్‌పల్లిలో నాకు తెలిసిన రెండు ఇండ్లలో జరిగినది చెబుతాను. ఒక ఇంటిలో ఉద్యోగం విరమించిన పెద్దమనిషి, ఆయన భార్య. కూతురు తొలికాన్పుకు వచ్చి ఉన్నది. గోడకు అవతల ఒంటరిగా ఉన్న ఒక అవ్వ. ఆమె కొట్టంలో ఒక పిల్లి నాలుగు కూనలను పెట్టింది. బాలెంత పిల్లి ఏడిండ్లు మారుస్తుందంటారు, ఇది మారలేదు. అవ్వ పోసే పాలు దానికి అంత నచ్చినవి. పాలు అవ్వ ఇంట్లో, మిగిలిన వ్యవహారమంతా పెద్దమనిషిగారి కూరమడిలో. వారాల తరబడి మాటలు పెరిగినవి. ఒకనాడు ఆయన బజారుకు పోయి ఎలుకల మందు పొట్లం తెచ్చి, కిటికీలో పెట్టినాడు. భార్య దానిని చూచింది.

“మన పెరట్ల కోళ్ళు తిరుగుతయి. రేపు మనుమడు పాకుతడు. ఈ మందు ఈ ఇంట్ల ఉండొద్దు,” అని ఆ పొట్లాన్ని దుకాణానికే తిప్పి పంపింది. తరువాత గోడ దగ్గరకు పోయి అవ్వను పిలిచింది.

“అవ్వా, నీ పిల్లిని పొమ్మంటలేను. ఇంట్ల ఒట్టి మనిషి కాని పిల్ల ఉన్నది, నీకు తెలుసు. దానికింత జాగ నీ కొట్టం వెనుక చూపియ్యి. ఇసుక నేను పోయిస్త.”

“ఇసుక నువ్వు పోయిస్తే ఎత్తిపోసుడు నేను చేస్త బిడ్డా,” అన్నది అవ్వ.

ఇంత తేలికగా తెగే వ్యవహారాన్ని అన్ని వారాలు లాగినందుకు ఆ పెద్దమనిషి ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఆయన ఆ రోజు పేపరు చదువుతూ కూర్చున్నాడట. అవ్వ కొట్టం వెనుక నీడలో మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున అరడుగు లోతు గుంట తీసి మెత్తని ఇసుక నింపినారు. కూరమడిలోనుండి ఎత్తిన అశుద్ధం కొంచెం తెచ్చి ఆ ఇసుకలో కప్పినారు, పిల్లికి గుర్తు తెలియడానికి. అదే రోజున కూరమడిలో కందికట్టె గుచ్చినారు. ఈ రెండు పనులు ఒకే రోజున జరగడం ముఖ్యము. పాలగిన్నె ఇసుకకు దూరంగా, కొట్టానికి మరొక కొసన పెట్టినారు; తిండి తినే చోట పిల్లి విసర్జించదు. మొదటి వారం రెండు మూడుసార్లు మళ్ళీ మడివైపు వచ్చింది. మూడవ వారానికి పూర్తిగా ఇసుకకు అలవాటుపడింది.

పిల్లికి అన్నం పెట్టేవారిని దోషులుగా చూడటం వ్యవహారాన్ని చెడగొడుతుంది. నిజామాబాదు, బోధన్ పట్టణాలలో పలు మతాలవారు ఒకే సందులో ఉంటారు. ఇస్లాం సంప్రదాయంలో పిల్లి అపవిత్రమైన జంతువు కాదు. దానికి తిండి పెట్టడం పుణ్యంగా భావిస్తారు. మన పురాణాలలో పసిబిడ్డలను కాచే షష్ఠీదేవికి పిల్లి వాహనము. అవ్వవంటి ఒంటరివారికి ఆ జంతువే ఇంట్లో రెండవ ప్రాణి. తిండి పెట్టవద్దని అడిగితే గొడవ. వేళకు పెట్టి, తిన్న తరువాత గిన్నె తీసివేయమని, రాత్రి ఆరుబయట వదలవద్దని అడిగితే ఎవరూ కాదనరు.

మగపిల్లి చిమ్ముడు సంగతికి తిరిగి వస్తాను. విత్తు కొట్టించిన మగపిల్లులలో నూటికి సుమారు తొంబది ఈ అలవాటును మానుకుంటవి, లేదా చాలావరకు తగ్గించుకుంటవి. ఆడపిల్లి గర్భం సుమారు రెండు నెలలు. ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. నాలుగు కూనలు మరుసటి ఏడాదికి తామూ తల్లులవుతవి. కనుక సందులోని రెండు ఆడపిల్లులకు సకాలంలో శస్త్రచికిత్స చేయిస్తే వచ్చే ఏడాది బాధ చాలావరకు తప్పుతుంది. దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలలో ముందు విచారించండి. అక్కడ వీలుకాకపోతే ఏ ఆసుపత్రిలో చేస్తారో వారే చెప్పగలరు; కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది, ఈ జిల్లావారికి అది అంత దూరం కాదు. ఖర్చును సందులోని నాలుగైదు ఇండ్లవారు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎక్కువ పడదు. పిల్లిని పట్టడం దానికి అన్నం పెట్టేవారికే విడిచిపెట్టవలె. వారి చేతికి వచ్చినట్లు మన చేతికి రాదు.

ఇసుకగుంట నిర్వహణ ఒకటి మిగిలింది. ప్రతిదినం ఉదయం ఒక పాత గరిటెతో అశుద్ధాన్ని తీసి, లోతుగా పూడ్చవలె. కూరగాయల ఎరువులో కలపకూడదు. రెండు మూడు వారాలకొకసారి ఇసుక మొత్తం మార్చి, గుంటలో మరిగే నీళ్ళు పోసి ఎండనివ్వవలె. మృగశిర కార్తె రాకముందే గుంటపైన ఒక రేకు కప్పించండి. ఇసుక తడిసిందా, పిల్లి దానిని ముట్టదు. మళ్ళీ మీ తులసికోట దగ్గర గులకరాళ్ళను కదిలించి చూస్తుంది.